దేశాంతర కుటుంబ ద్రవ్యప్రేషణము

నిర్వచనము

ఒక దేశమున నివసించి ధనార్జనము చేయు వ్యక్తి వేఱొక దేశముననున్న తల్లిదండ్రులకు, భార్యాబిడ్డలకు, తోబుట్టువులకు పోషణము, విద్య, చికిత్స, ఋణవిమోచనము మున్నగు అవసరముల నిమిత్తము స్వార్జితమునుండి పంపు ధనమునకు దేశాంతర కుటుంబ ద్రవ్యప్రేషణమని పేరు. స్వదేశమున నున్న తల్లిదండ్రులు పరదేశమున చదువుకొనుచున్న బిడ్డలకు పంపు ధనము కూడ ఇందు చేరును. వాణిజ్యమున సరకునకు మూల్యముగా చెల్లించు ధనము, లాభాపేక్షతో పెట్టు మూలధనము, ప్రభుత్వములు పరస్పరము చేసికొను సహాయము దీని పరిధిలోనికి రావు.

ప్రేషకుడు, గ్రహీత, వారి నడుమనుండు సంస్థల శ్రేణి, రెండు దేశముల నాణెములు, రెండు దేశముల శాసనములు ఈ వ్యవహారమునకు అంగములు. వీనిలో ప్రేషకుడు చక్కగా ఎఱిగినవి మొదటి రెండే. తక్కిన మూడింటిని గూర్చిన అజ్ఞానము వలననే ధనము మార్గమధ్యమున హరించుటయో, దుష్టుల పాలగుటయో సంభవించుచున్నది. కావున ఈ వ్యాసమున వానికే అధికస్థానము కల్పింపబడినది.

చరిత్ర (చూ. హుండీ, మనియార్డరు, ఆంధ్రుల బర్మా వలసలు)

లోహనాణెములను మూటగట్టి దూరదేశములకు కొనిపోవుట దొంగల వలనను, ఓడ ప్రమాదముల వలనను అపాయకరమగుటచే, ఒకచోట ధనము కట్టి వేఱొకచోట పత్రము చూపి తీసికొను పద్ధతి ప్రాచీనకాలముననే ఏర్పడినది. అరబ్బు వర్తకులలో సుఫ్తజా యను పత్రము, హిందూదేశమున హుండీ ఇట్టివి. చూపినంతనే చెల్లింపదగినది దర్శనీ హుండీ, గడువు తీరిన పిదప చెల్లింపదగినది ముద్దతీ హుండీ. బర్మా, మలయా, సింహళ దేశములలో వడ్డీవ్యాపారము చేసిన నాట్టుకోట్టై చెట్టియార్లు తమ శాఖల నడుమ నిట్టి పత్రములపైననే విస్తారముగా ధనవ్యవహారము నడిపిరి.

సామాన్య శ్రామికునకు హుండీ దూరపు వస్తువు. పందొమ్మిదవ శతాబ్దమునుండి మారిషస్, నేటాలు, ఫిజీలకు ఒప్పంద కూలీలుగాను, కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము రేవులనుండి రంగూనునకు కూలీలుగాను పోయిన తెలుగువారు తమ సంపాదనలో మిగిలినదానిని స్వయముగా తెచ్చుకొనుటయో, ఊరికి మరలివచ్చువారి చేతికిచ్చి పంపుటయో చేయుచుండిరి. బర్మాలో మేస్త్రీ యొసగిన బయానా తీఱువఱకు కూలిలో కోత పడుచుండుటచే ఇంటికి పంపదగిన మొత్తము మిగుల స్వల్పము. 1880లో హిందూదేశపు తపాలాశాఖ మనియార్డరు పద్ధతిని ప్రవేశపెట్టుటతో గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలముల గ్రామములలో తపాలా బంట్రోతు ఇంటి గుమ్మమునందే డబ్బు లెక్కించి యిచ్చుట సాధ్యమయ్యెను. అంతర్జాతీయముగా మనియార్డర్ల మార్పిడికి 1878లో పారిస్ నగరమున తపాలా దేశములు ఒప్పందము చేసికొనియుండెను. 1941-42లో జపాను సేనలు బర్మాపై దండెత్తగా లక్షలాది భారతీయులు కాలినడకన వెడలివచ్చిరి. వారి రాకతో ఆ దేశమునుండి వచ్చుచుండిన ఆదాయమును అంతరించెను.

తంతి ద్వారా ధనమును పంపు వ్యాపారమును అమెరికాలో వెస్టర్న్ యూనియన్ సంస్థ 1871లో ప్రారంభించినది. బ్యాంకుల నడుమ ఏకరూప సందేశముల నిమిత్తము స్విఫ్ట్ అను సహకార సంస్థ 1973లో బెల్జియమునందు స్థాపితమై 1977లో పని నారంభించెను.

ఆ 1973వ సంవత్సరముననే చమురు ధర పెరుగుటతో అరబ్బు దేశములలో నిర్మాణకార్యములు విజృంభింపగా, కరీంనగరము, నిజామాబాదు, ఆదిలాబాదు ప్రాంతములనుండి పురుషులు దుబాయి, సౌదీలకును, కడప, చిత్తూరు, ఉభయ గోదావరి జిల్లాలనుండి స్త్రీపురుషులు కువైటునకును తరలసాగిరి. ఆనాటి ప్రధాన సాధనము డ్రాఫ్టు. శ్రామికుడు ఎక్స్ఛేంజిలో, అనగా నాణెముల మార్పిడి సంస్థలో, దిర్హములు కట్టి, భారతీయ బ్యాంకుపై వ్రాసిన డ్రాఫ్టును రిజిస్టరు టపాలో పంపవలసి యుండెను. అది ఊరు చేరి, బ్యాంకులో జమయై, సొమ్ముగా మారుటకు వారములు గడచుచుండెను. అదే కాలమున భారతదేశమున అమలులోనున్న 1973 నాటి విదేశీ మారక నియంత్రణ చట్టము రూపాయి విలువను కృత్రిమముగా నిలుపుటచే, అధికార రేటునకును అంగడి రేటునకును గల వ్యత్యాసము హవాలా (అధికారమార్గము వెలుపల నమ్మకముపై నడచు ధనమార్పిడి) వ్యాపారులకు పుష్కలమైన లాభమై, ఆ లాభములో కొంత ప్రవాసికిని లభించుచుండెను. 1991లో రూపాయి మూల్యము తగ్గింపబడి, 1993లో మారకపు రేటు ఏకీకృతమైన పిమ్మట ఆ వ్యత్యాసము సన్నగిల్లి, అధికారమార్గమున వచ్చు ధనము వేగముగా వృద్ధిచెందినది. ప్రవాసుల మనసు మార్చినది ఉపదేశము గాదు, రేటేయని ఈ చరిత్ర స్పష్టముగా తెలుపుచున్నది. 2000 జూను 1న అమలునకు వచ్చిన 1999 నాటి విదేశీ మారక నిర్వహణ చట్టము పూర్వచట్టపు స్థానము నాక్రమించెను.

ధనము చేరు విధానము (చూ. విదేశీ మారకము, బ్యాంకుల పరస్పర ఖాతాలు)

ప్రేషకుడిచ్చిన నాణెము దేశసరిహద్దును దాటదు. దాటునది సందేశము మాత్రమే. దుబాయిలోని ఎక్స్ఛేంజి సంస్థ భారతదేశమందలి ఒక బ్యాంకులో ముందుగనే రూపాయల ఖాతా నొకదానిని నిల్వతో నుంచును. శ్రామికుడు దిర్హములు కట్టినంతనే ఆ సంస్థ తన రూపాయల ఖాతానుండి ఇంత మొత్తమును ఫలానా బ్యాంకు శాఖలోని ఫలానా ఖాతాకు మార్చుమని ఆజ్ఞ పంపును; బ్యాంకు దేశీయ చెల్లింపు వ్యవస్థ ద్వారా ఆ పని నెఱవేర్చును. తఱిగిన నిల్వను ఆ సంస్థ పిమ్మట పెద్ద మొత్తములుగా డాలర్ల ద్వారా పూరించుకొనును. ఇట్లు పరదేశపు సంస్థ మన బ్యాంకులో నుంచు ఖాతాకు వోస్ట్రో ఖాతాయనియు, మన బ్యాంకు పరదేశపు బ్యాంకులో నుంచుదానికి నాస్ట్రో ఖాతాయనియు పేర్లు.

పంపు బ్యాంకునకు గ్రహీత బ్యాంకుతో సాక్షాత్సంబంధము లేనిచో, ఉభయులకును ఖాతాలుగల మూడవ బ్యాంకు, ఒక్కొక్కప్పుడు నాల్గవ బ్యాంకు మధ్యవర్తిత్వము వహింపవలసి వచ్చును. ప్రతి మధ్యవర్తియు తన రుసుమును మొత్తమునుండియే కోసికొనుట గలదు. అమెరికాలోని విశ్వవిద్యాలయమునకు కట్టిన రుసుములో ఇరువది డాలర్లు తక్కువయైనవని విద్యార్థికి తాఖీదు వచ్చుట తఱచుగా దీనివలననే. దీనిని నివారించుటకు దరఖాస్తుపత్రమునందే ఖర్చులన్నియు ప్రేషకుడే భరించు పద్ధతిని ఎన్నుకొనవలెను. ఆ పద్ధతికి అవర్ అనియు, ఖర్చులను పంచుకొను పద్ధతికి షా అనియు, గ్రహీతయే భరించు పద్ధతికి బెన్ అనియు బ్యాంకులలో సంకేతములు గలవు.

2011 ప్రాంతమున స్థాపితములైన వైజ్, రెమిట్లీ మున్నగు సంస్థలు కార్యాలయములతో నిమిత్తము లేక, చరవాణి ద్వారా, ఇట్టి ముందస్తు నిల్వల పద్ధతినే నడిపి, ఉభయ దేశములలోను స్థానిక చెల్లింపులుగా వ్యవహారమును ముగించుటచే మధ్యవర్తుల సంఖ్య తగ్గినది. 2023 ఫిబ్రవరి 21న భారతదేశపు యూపీఐ వ్యవస్థ సింగపూరుయొక్క పేనౌ వ్యవస్థతో అనుసంధింపబడినది. చరవాణి సంఖ్యనో యూపీఐ చిరునామానో ఆధారముగా చేసికొని, దినమునకు 60,000 రూపాయల పరిమితికి లోబడి, క్షణములలో ధనము మార్చుకొనుటకు ఇందు వీలు గలదు.

మార్గభేదములు

భారతదేశమునకు వచ్చు వైయక్తిక ధనమునకు రిజర్వు బ్యాంకు అనుమతించిన ప్రధాన ద్వారములు మూడు. మొదటిది బ్యాంకునుండి బ్యాంకునకు సాక్షాత్తుగా పంపుట. రెండవది పైన వివరించిన వోస్ట్రో ఖాతాపై నడచు రూపీ డ్రాయింగ్ ఏర్పాటు. గల్ఫు ఎక్స్ఛేంజీలలో అత్యధికభాగము దీనిక్రిందనే పనిచేయును, కుటుంబపోషణార్థమైన ధనమునకు ఇందు పరిమితి లేదు. మూడవది ధనమార్పిడి సేవాపథకము. బ్యాంకు ఖాతా లేని గ్రహీతకు సైతము గుర్తింపుపత్రమును, రహస్యసంఖ్యను చూపి నగదు తీసికొను సౌకర్యము ఈ పథకమున గలదు. అయితే ఒక్కొక్క పర్యాయము 2,500 డాలర్లకు మించరాదు, ఒక్కొక్క గ్రహీత సంవత్సరమునకు ముప్పది పర్యాయములకు మించి పొందరాదు, నగదుగా 50,000 రూపాయల వఱకే చెల్లింపబడును. అంతకు మించినది ఖాతాలో జమ కావలసినదే. ఈ పథకము రాకకే గాని పోకకు వర్తింపదు.

ప్రవాస భారతీయుడు స్వదేశమున తన పేరనే ఖాతా తెఱచి, దానినుండి కుటుంబమునకు వాడుకనిచ్చుట కూడ ఒక మార్గమే. విదేశార్జితము నుంచు ఎన్‌ఆర్‌ఈ ఖాతాలోని ధనమును నిరాటంకముగా తిరిగి విదేశమునకు కొనిపోవచ్చును, దానిపై వడ్డీకి భారతదేశమున ఆదాయపుపన్ను లేదు. స్వదేశమందలి అద్దెలు, పింఛను మున్నగునవి చేరు ఎన్‌ఆర్‌ఓ ఖాతాలోని వడ్డీకి పన్ను గలదు; అట్టి ప్రస్తుతాదాయమును మినహాయించి తక్కిన నిల్వనుండి సంవత్సరమునకు పది లక్షల డాలర్ల వఱకే బయటికి పంపవచ్చును. ఈ భేదము నెఱుగక ధనమును ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో పోసి, అనవసరముగా పన్ను చెల్లించువారు గలరు.

డాలరు మూల్యమునకు కట్టుబడిన గుప్తనాణెములను (క్రిప్టో కరెన్సీలను) కొందఱు ప్రేషణమునకు వాడుచున్నారు. వీనిచే వేగము సిద్ధించినను, వానిని రూపాయలుగా మార్చుకొనునపుడు రుసుమును, 2022నుండి భారతదేశమున అమలులోనున్న పన్నులును ఎదురగుటయే గాక, చిరునామాలో ఒక్క అక్షరము తప్పినచో ధనమును వెనుకకు రప్పించు అధికారి యెవ్వడును లేడు.

వ్యయస్వరూపము (చూ. మారకపు రేటు, సుస్థిరాభివృద్ధి లక్ష్యములు)

ద్రవ్యప్రేషణపు వ్యయము రెండు భాగములు. ఒకటి కంటికి కనబడు రుసుము. రెండవది మారకపు రేటులో అణగియుండు అంతరము. అనగా బ్యాంకులు తమలో తాము కొని అమ్ముకొను ధరల మధ్యమ రేటునకును, ప్రేషకునకు సంస్థ యిచ్చు రేటునకును గల భేదము. గాజుతలుపుపై పెద్ద అక్షరములతో వ్రాయబడునది మొదటిది. ధనమును ఎక్కువగా తినివేయునది అనేక పర్యాయములు రెండవది.

కల్పితమైన అంకెలతో దీనిని పరిశీలింపవచ్చును. మధ్యమ రేటు దిర్హమునకు 23 రూపాయలనుకొందము. ఒక సంస్థ 20 దిర్హముల రుసుము గైకొని 22.70 రూపాయల రేటు నిచ్చును. మఱొక సంస్థ రుసుము లేదని ప్రకటించి 22.10 రేటు నిచ్చును. వేయి దిర్హములు పంపువానికి మొదటిచోట రేటులో 300, రుసుముగా 460, వెరసి 760 రూపాయలు నష్టము, రెండవచోట 900. అయిదువేల దిర్హములైనచో మొదటిచోట 1,960, రెండవచోట 4,500. కాని మున్నూఱు దిర్హములే పంపదలచినవానికి లెక్క తలక్రిందులగును: మొదటిచోట 550, రెండవచోట 270 మాత్రమే. కావున ఏ సంస్థ చౌకయను ప్రశ్నకు మొత్తమును చెప్పక సమాధానము లేదు. పోల్చదగినది ఒక్కటే: తన చేతినుండి వెడలు మొత్తము అంతయు పోగా, ఆనాడు, ఆ గంటకు, ఇంట ఎన్ని రూపాయలు చేరును?

ఈ లెక్కలోనే మఱొక సత్యము ఇమిడియున్నది. స్థిరరుసుముతో కూడిన వ్యయము చిన్నమొత్తముపై ఎనిమిది శాతమై, పెద్దమొత్తముపై రెండు శాతమునకు లోబడుచున్నది. నెలజీతము చేత పడినంతనే కొద్దికొద్దిగా పంపక గత్యంతరము లేని పాకీపనివాడు, ఇంటిపని చేయు స్త్రీ, గొఱ్ఱెల కాపరి, తమకంటె పదిరెట్లు ఆర్జించువానికంటె అధికమైన పాలు చెల్లించుచున్నారు. ప్రపంచ బ్యాంకు 2008నుండి వివిధ దేశముల మధ్య ధరలను సేకరించి ప్రకటించుచున్నది. 200 డాలర్లు పంపుటకగు ప్రపంచ సగటు వ్యయము 2024లో సుమారు ఆరున్నర శాతము. మార్గములలో బ్యాంకులు సగటున పది శాతమునకు మించిన వ్యయముతో అత్యంత ప్రియమైనవి. చరవాణి, అంతర్జాలముల ద్వారా నడచునవి వానికంటె మిక్కిలి చౌక. ఈ వ్యయమును పదినుండి అయిదు శాతమునకు అయిదేండ్లలో తగ్గింతుమని 2009లో ఇటలీలోని లాక్విలా నగరమున జరిగిన అగ్రరాజ్యముల సమావేశము సంకల్పించెను. ఆ గడువు తీఱినను సంకల్పము నెఱవేఱలేదు. 2030 నాటికి మూడు శాతమునకు దించవలెననియు, అయిదు శాతమునకు మించిన మార్గమేదియు మిగులరాదనియు ఐక్యరాజ్యసమితి తన సుస్థిరాభివృద్ధి లక్ష్యములలో నిర్ణయించినది. పోటీ పుష్కలముగానున్న గల్ఫు-భారత మార్గములు ఆఫ్రికాఖండపు మార్గములకంటె ఎంతో సులభమైనవి. ధర తగ్గుటకు ముఖ్యహేతువు పోటీయే. దూరముతో దీనికి సంబంధము లేదు.

రేటుయొక్క ఉత్థానపతనములను గూర్చి ఒకమాట. సంయుక్త అరబ్బు రాజ్యముల దిర్హము డాలరునకు 3.6725గాను, సౌదీ రియాలు 3.75గాను స్థిరముగా కట్టబడియున్నవి. కావున ఆ దేశములనుండి పంపువానికి రూపాయి-డాలరు సంబంధము ఒక్కటే ముఖ్యము. రూపాయి క్షీణించిన దినముల ఎక్స్ఛేంజీల ముందు జనులు బారులు తీరుట అందువలననే. కాని ఇంటివద్ద అప్పుపై నెలకు నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీ పెరుగుచుండగా, రేటు పది పైసలు పెరుగునని నెలల తరబడి ధనమును ఆపియుంచుట లాభదాయకము గాదు.

హవాలా

ప్రవాసి తన ఊరివాడైన దలారికి దిర్హములిచ్చును. దలారి తన మనిషికి చరవాణిలో చెప్పును. మఱునాటికి ఆ మనిషి మోటారుసైకిలుపై గ్రామమునకు వచ్చి, ముందుగా నిర్ణయించిన గుర్తును - తఱచుగా ఒక నోటుపైనున్న క్రమసంఖ్యను - సరిచూచి రూపాయలు చెల్లించును. దలారుల నడుమ ఏర్పడిన బాకీ సరకుల లెక్కలను తారుమారు చేయుటద్వారానో, దొంగబంగారముద్వారానో తీర్మానమగును. పత్రములు గడువు మీఱి, ఎక్స్ఛేంజి గడప తొక్కుటకు వెఱచు కార్మికునకు ఇది యొక్కటే మార్గముగా తోచుటయు, అట్టివాని దయనీయస్థితియే దీనిని పోషించుచుండుటయు గమనింపదగినవి. సోమాలియావంటి బ్యాంకులు లేని దేశములకు ఇట్టి నమ్మకపు శ్రేణులే చిరకాలము ప్రాణాధారములైనవి.

అయినను భారతదేశమున నిది శాసనవిరుద్ధము. అధికృత వ్యక్తిద్వారా గాక, విదేశవాసి తరఫున చెల్లింపును స్వీకరించుటను 1999 నాటి చట్టముయొక్క మూడవ విభాగము నిషేధించుచున్నది. పదుమూడవ విభాగము ప్రకారము సదరు మొత్తమునకు మూడురెట్ల వఱకు జరిమానా విధింపవచ్చును. ఇటీవల దీనికంటె నిత్యమైన ఆపద వేఱొకటి వచ్చినది. దలారి నగదునకు బదులు గుర్తుతెలియని ఖాతానుండి గ్రహీత ఖాతాకు ధనము మార్చును. ఆ ఖాతాలోని సొమ్ము ఎవరినో మోసగించి రాబట్టినదైనచో, సైబరు నేరముల విచారణలో గ్రహీత ఖాతా స్తంభింపబడును. నేరముతో ఏ సంబంధమును లేని వృద్ధురాలు తన పింఛను సైతము తీసికొనలేక దూరరాష్ట్రపు ఠాణాకు అర్జీలు పంపవలసి వచ్చుచున్నది. దలారియొసగు నాలుగు పైసల అదనపు రేటునకు ఈ వెల మిక్కిలి హెచ్చు.

భద్రత (చూ. గుర్తింపు నిబంధనలు, సైబరు నేరములు)

ధనమును పంపు సంస్థ ఆ దేశపు కేంద్రబ్యాంకుచేతనో, సంబంధిత అధికారపీఠముచేతనో అనుమతి పొందినదా యనునది మొదటి పరీక్ష. ఆ పట్టికలు బహిరంగముగా లభించును. ఖాతాదారుని పేరు బ్యాంకు పుస్తకమునందున్నట్లే వ్రాయవలెను. ఇంటిపేరు ముందో వెనుకో యను సంశయము వలన తెలుగువారి ధనము ఆగిపోవుట సామాన్యము. శాఖను సూచించు ఐఎఫ్‌ఎస్‌సి సంకేతము పదునొకండు అక్షరములది. బ్యాంకులు విలీనమైన పిదప పాత సంకేతములు మాఱినందున, కొన్నేండ్ల క్రిందటి పుస్తకమును చూచి వ్రాయరాదు. క్రొత్త ఖాతాకు మొదటిసారి చిన్నమొత్తము పంపి, చేరినట్లు ఇంటివారి నోట విని, తరువాత తక్కినది పంపుట ఉత్తమము.

మోసగాండ్ర పద్ధతులు నానావిధములైనను వానికి మూలము తొందరపెట్టుటయే. మనుమడు పరదేశమున పోలీసులకు చిక్కెననియు, కస్టమ్సులో పొట్లము ఆగెననియు, వీసాకు నేడే రుసుము కట్టవలెననియు చెప్పి, తత్క్షణము ధనము పంపుమందురు. కంఠస్వరమును యంత్రముచే అనుకరించు విద్య వ్యాపించిన యీ దినములలో స్వరమును నమ్ముటకు వీలులేదు. తెలిసిన సంఖ్యకు తామే తిరిగి పిలిచి మాటాడిన గాని పంపరాదు. నగదుగా తీసికొను రహస్యసంఖ్యను గ్రహీతకు దప్ప అన్యులకు చెప్పరాదు. ఆ సంఖ్యతో నగదు చెల్లింపబడిన పిమ్మట తిరిగి రాబట్టుట దుర్లభము. తన ఖాతాను ఇతరుల ధనము దాటింపనిచ్చి కమీషను తీసికొను యువకులు తాము నేరములో భాగస్వాములగుచున్నారని గ్రహింపవలెను.

భారతదేశమునుండి విదేశములకు

నివాసి భారతీయుడు విదేశముననున్న కుటుంబసభ్యునకు ధనము పంపుట ఉదారీకృత ప్రేషణపథకమునకు లోబడినది. ఇది 2004 ఫిబ్రవరి 4న సంవత్సరమునకు 25,000 డాలర్ల పరిమితితో ప్రారంభమై, క్రమముగా పెరిగి, 2013లో రూపాయి పతనమైనపుడు 75,000కు కుదింపబడి, 2015నుండి 2,50,000 డాలర్ల వద్ద నిలిచియున్నది. ఈ పరిమితి వ్యక్తికి గాని కుటుంబమునకు గాదు. తల్లియు తండ్రియు వేఱువేఱుగా పంపవచ్చును. పాన్ సంఖ్యయు, ఏ2 అను దరఖాస్తుపత్రమును ఆవశ్యకములు.

ధనము పంపు కారణమును తెలుపు ప్రయోజన సంకేతమును జాగ్రత్తతో ఎన్నుకొనవలెను. సంవత్సరమున 10 లక్షల రూపాయలకు మించిన మొత్తముపై బ్యాంకు మూలముననే పన్ను వసూలు చేయును. 2025-26 ఆర్థిక సంవత్సరమున ఈ పన్ను విద్యకు, వైద్యమునకు 5 శాతము, బంధుపోషణాదులకు 20 శాతముగా నుండెను. చట్టమున పేర్కొన్న సంస్థలనుండి పొందిన విద్యాఋణమునుండి పంపినచో ఏమియు లేదు. బిడ్డ కళాశాల రుసుమును పోషణమని వ్రాసిన తండ్రి ఆ రేట్ల ప్రకారము నాలుగురెట్లు కట్టవలసి వచ్చెను. ఇది అంతిమముగా పోవు పన్ను గాదు. ఆదాయపుపన్ను లెక్కలో సర్దుబాటగును, అధికమైనచో తిరిగి వచ్చును. కాని ఆ లోపల నెలల తరబడి ధనము చేజారియుండును. ఇదిగాక నాణెము మార్చినందులకు వస్తుసేవల పన్ను గలదు. లక్షరూపాయల వఱకు మార్పిడియొక్క సేవామూల్యమును నూటికి ఒకటిగా, కనీసము 250 రూపాయలుగా, గణించి దానిపై 18 శాతము విధింతురు.

ఇతర దేశముల నిబంధనలు

అమెరికాలో 2013 అక్టోబరునుండి అమలులోనున్న నియమము ప్రకారము, ధనము గైకొనుటకు పూర్వమే సంస్థ రుసుమును, రేటును, చేరబోవు మొత్తమును వ్రాతమూలకముగా తెలుపవలెను. ప్రేషకుడు సాధారణముగా అరగంటలోపల వ్యవహారమును రద్దు చేసికొనవచ్చును. ఇంతటి స్పష్టమైన రక్షణ గల్ఫు కార్మికునకు సైతము అవసరము. 2026 జనవరి 1నుండి అమెరికా ప్రభుత్వము నగదు, మనియార్డరు, క్యాషియర్ చెక్కులతో పంపు ధనముపై నూటికి ఒకటి చొప్పున సుంకము విధించుచున్నది. బ్యాంకు ఖాతానుండి గాని, ఆ దేశపు కార్డులతో గాని పంపినచో ఇది వర్తింపదు.

ఆర్థిక సామాజిక ప్రాముఖ్యము

ప్రవాసులనుండి ధనము పొందు దేశములలో భారతదేశము ప్రథమస్థానమున నున్నది. 2022లో నూఱు శతకోటి డాలర్లను దాటిన మొదటి దేశమును ఇదియే. రిజర్వు బ్యాంకు 2023-24 సంవత్సరమునకు జరిపిన పరిశీలనలో అమెరికా వాటా 27.7 శాతము, సంయుక్త అరబ్బు రాజ్యముల వాటా 19.2 శాతము. గ్రహీతలలో మహారాష్ట్ర 20.5, కేరళ 19.7, తెలంగాణ 8.1, ఆంధ్రప్రదేశ్ 4.4 శాతములను పొందినవి. ఒకనాడు గల్ఫు దేశములదైన ప్రాధాన్యము అమెరికాకు మారుట వృత్తివిద్యల వారి వలసకు చిహ్నము.

ఈ మొత్తములు దేశపు విదేశవాణిజ్య లోటును పూరించును. గ్రామమున నివి మొదట వీసాకై చేసిన అప్పు తీర్చుటకును, పిదప ఇల్లు, పిల్లల చదువు, ఆడపిల్లల పెండ్లి, బోరుబావులకును వినియోగమగుచున్నవి. ఏజంటునకు చెల్లించిన అప్పు తీరుటకే సంవత్సరము, ఒక్కొక్కప్పుడు రెండు సంవత్సరములు పట్టుటచే, తొలి ప్రేషణములలో కుటుంబమునకు మిగులునది స్వల్పము. 1990 ఆగస్టులో ఇరాకు కువైటును ఆక్రమించినపుడు అచ్చటి దినారు హఠాత్తుగా నిరుపయోగమై, లక్షకు పైగా భారతీయులు విమానములలో స్వదేశము చేరవలసి వచ్చెను. సంపాదన అంతయు పరదేశమునందే నిలువయుంచుకొన్నవారు అందఱికంటె అధికముగా నష్టపడిరి.

బంధువులనుండి వచ్చు ధనముపై గ్రహీతకు భారతదేశమున ఆదాయపుపన్ను లేదు. బంధుత్వము లేనివారినుండి సంవత్సరమున 50,000 రూపాయలకు మించి వచ్చినచో అది ఆదాయముగా పరిగణింపబడును. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, తల్లిదండ్రులు, వారి తోబుట్టువులు, వీరి జీవితభాగస్వాములు చట్టమున బంధువులే. మేనత్త కొడుకు, పినతండ్రి కుమారుడు ఆ పట్టికలో లేరు.

వివాద పరిష్కారము

ధనము చేరనిచో ప్రథమకర్తవ్యము రసీదుపైనున్న సూచకసంఖ్యతో పంపిన సంస్థను వ్రాతమూలకముగా అడుగుట. అమెరికానుండి పంపినవారు దోషమును 180 దినములలోపల తెలుపవచ్చును. భారతదేశమందలి బ్యాంకు ముప్పది దినములలో సమాధానమీయనిచో, రిజర్వు బ్యాంకు 2021లో ఏకీకరించిన అంబుడ్స్‌మన్ వ్యవస్థకు రుసుము లేకయే ఫిర్యాదు చేయవచ్చును. మోసము జరిగినచో 1930 సంఖ్యకు వెంటనే తెలుపవలెను. ధనము మొదటి ఖాతానుండి పలుఖాతాలకు చీలకమునుపే ఆ ఫిర్యాదు అందినచో దానిని నిలుపుటకు అవకాశ మధికము. హవాలాద్వారా పోగొట్టుకొన్నవానికి రసీదు లేదు గనుక ఈ ద్వారములలో ఏదియు తెఱచియుండదు.